ఎల్లా ఫిట్జెరాల్డ్ గురించి మీరు అడిగినవి

పోయిన నెల ఈ పేజీలో అమెరికన్ నల్లజాతి జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ (1917–1996) గురించి కొంచెం రాసి, వీలైతే ఆవిడ పాటలు వినమని చెప్పాను. ఉత్తరాలు బాగా వచ్చాయి, అందులోనూ బరంపురం నుంచి జయపురం దాకా మన ఒడిశా వైపు తెలుగువాళ్ళవే ఎక్కువ. ఒకే రకం ప్రశ్నల్ని ఒకచోట కలిపేసి, పేర్లు వెయ్యకుండా ఊళ్ళు మాత్రం వేస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మీరు చెప్పారని ఎల్లా పాటలు చాలానే విన్నాను. గొంతు బాగుంది, కాదనను. కానీ అన్నీ హాయిగా, నవ్వుతూ పాడేస్తున్నట్టుంది, ఆఖరికి విడిపోయే పాట కూడా. అదే ఇంకో జాజ్ గాయని బిల్లీ హాలిడే పాడితే గుండె పట్టేసినట్టు ఉంటుంది. ఎల్లాది ఉత్త టెక్నిక్కేనా? (డిగ్రీ విద్యార్థి, బరంపురం)

జవాబు: తమ్ముడూ, నీలాగే అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆవిడ బతికున్న రోజుల్లోనే ఈ మాట మొదలైంది. నేను మాత్రం ఒప్పుకోను.

బిల్లీ హాలిడేని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. నల్లవాళ్ళని చంపి చెట్లకి వేలాడదీసిన దారుణం మీద 1939లో ఆవిడ రికార్డు చేసిన 'స్ట్రేంజ్ ఫ్రూట్' విన్నాక కాసేపు ఇంకే పాటా వినబుద్ధి కాదు. ఆవిడ ఏది పాడినా అది ఆవిడ సొంత కథ అయిపోతుంది, తాళానికి కాస్త వెనకబడి, మాటని సాగదీసి, వినేవాళ్ళని తన కష్టంలోకి లాక్కుంటుంది. ఎల్లా దారి వేరు. రాసినవాడు ఏం రాశాడు, బాణీ కట్టినవాడు ఏ స్వరం ఎక్కడ ఎందుకు పెట్టాడు, ముందు అది మన చెవికి అందాలి, దానికోసం తను కొంచెం పక్కకి జరుగుతుంది. ఆ జరగడాన్నే మనం బాధ లేకపోవడం అనుకుంటున్నాం.

నువ్వన్న విడిపోయే పాట బహుశా 'ఎవ్రీ టైమ్ వీ సే గుడ్‌బై' అయి ఉంటుంది. 1956లో కోల్ పోర్టర్ అనే ఆయన రాసి బాణీ కట్టిన పాటలతో చేసిన రెండు రికార్డుల సెట్‌లో ఉంది అది. ఆ పాటలో మేజర్ (వెలుగుగా వినపడే స్వరాల కూర్పు) నుంచి మైనర్‌కి (దిగులుగా వినపడేది) మారడం ఎంత వింతగా ఉంటుందో అనే అర్థం వచ్చే మాట ఒకటుంది, సరిగ్గా ఆ మాట దగ్గరే కింద వాయిద్యాల్లో మేజర్ కార్డ్ (కలిపి మోగించే స్వరాలు) మైనర్‌కి దిగుతుంది. దిగేది లోపలున్న ఒక్క స్వరం, అదీ అర మెట్టు. ఎవరైనా అక్కడ గొంతు వణికించాలనీ ఒక నిట్టూర్పు కలపాలనీ అనుకుంటారు, ఎందుకంటే ఏడిపించడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. ఎల్లా అవేమీ చెయ్యదు. స్వరాన్ని కదలకుండా పట్టుకుని మాటని మాటలా పలుకుతుంది. ఆవిడ గొంతు కదలదు కాబట్టే కింద ఆ అర మెట్టు దిగడం మనకి స్పష్టంగా వినపడుతుంది. పైన వణికించి ఉంటే అది ఆ వణుకులో కలిసిపోయేది. నువ్వు ఇంకోసారి ఆ ఒక్క చోటు విను, ఇయర్‌ఫోన్ పెట్టుకుని. దాన్ని ఉత్త టెక్నిక్ అని నువ్వే అనవు.

ఆ సెట్ తర్వాత ఆవిడ రాడ్జర్స్ అండ్ హార్ట్, డ్యూక్ ఎల్లింగ్టన్, అర్వింగ్ బెర్లిన్, గెర్ష్విన్ సోదరులు, హెరాల్డ్ ఆర్లెన్, జెరోమ్ కెర్న్, జానీ మెర్సర్ అని వరసగా ఒక్కొక్కరి పాటలూ తీసుకుని 1964 దాకా మొత్తం ఎనిమిది 'సాంగ్‌బుక్' సెట్లు చేసింది. ఇవన్నీ నార్మన్ గ్రాంజ్ అనే నిర్మాత ఆవిడ మీద నమ్మకంతో చేయించినవి, వర్వ్ అనే రికార్డు కంపెనీని ఆయన పెట్టిందే ముఖ్యంగా ఆవిడ కోసం. 1959 నాటి గెర్ష్విన్ సెట్ ఒక్కటే ఐదు రికార్డులు. మామూలుగా అందరూ వదిలేసే ఉపోద్ఘాతం లాంటి మొదటి చరణాన్ని కూడా ఆవిడ చాలా పాటల్లో వదలకుండా పాడింది, అందుకే ఆ పాటలు అసలు ఎలా మొదలవుతాయో చాలామందికి ఆవిడ వల్లే తెలిసింది. ఎల్లా పాడేదాకా మా పాటలు ఇంత బాగున్నాయని నాకే తెలియలేదని ఐరా గెర్ష్విన్ అన్నాడు. ఆ పాటలకి మాటలు రాసినాయన ఆయనే.

ఇక హాయి సంగతి. పదిహేనేళ్ళ వయసులో, 1932లో, తల్లి పోయింది. తర్వాత కొన్నాళ్ళు బాలికల దిద్దుబాటు పాఠశాలలో పెట్టారు, అక్కడినుంచి బయటపడ్డాక న్యూయార్క్‌లో ఇల్లంటూ లేకుండా తిరిగింది. ప్రపంచమంతా పేరొచ్చిన తర్వాత, 1954లో, ఆస్ట్రేలియా కచేరీలకి వెళ్తుంటే హోనొలులులో ఫస్ట్ క్లాస్ టికెట్ ఉండగానే విమానం ఎక్కనివ్వలేదు, అక్కడి కచేరీలు కొన్ని పోయాయి, ఆవిడ కోర్టుకి వెళ్ళింది. మరుసటి ఏడాది హ్యూస్టన్‌లో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి కూర్చునే కచేరీ పెట్టినందుకు పోలీసులు నేరుగా మేకప్ గదిలోకి వచ్చారు. అక్కడ కొందరు వాద్యగాళ్ళు పాచికలు ఆడుతున్నారన్నది సాకు, ఓ పక్కన కూర్చుని ఏదో తింటున్న ఎల్లాని కూడా స్టేషన్‌కి తీసుకుపోయారు. తీసుకుపోయినవాళ్ళే అక్కడ ఆటోగ్రాఫ్ అడిగారని ఆవిడ తర్వాత చెప్పింది. ఇవన్నీ చెప్పడం ఆవిడ మీద జాలి కోసం కాదు. ఆ నవ్వు సుఖంగా పెరిగిన మనిషి నవ్వు కాదు, కావాలని ఎంచుకున్నది, సాధన చేసి నిలబెట్టుకున్నది. నాకైతే ఆవిడ పాటలో అన్నిటికన్నా గొప్పగా కనిపించేది అదే.

అయినా ఎల్లా విషాదం వినాలని ఉందంటే 1960లో ఒక్క పియానోతో, పాల్ స్మిత్ వాయిస్తుండగా చేసిన రికార్డు ఉంది, ఇప్పుడు 'ది ఇంటిమేట్ ఎల్లా' అనే పేరుతో దొరుకుతోంది. రాత్రిపూట విను. విన్నాక మళ్ళీ ఉత్తరం రాయి.

ప్రశ్న: మేడమ్, నేను మెలోడీ పార్టీలో పాడతాను. పెళ్ళిళ్ళు, వినాయక పూజలు, ఒకే ప్రోగ్రాంలో ఒడియా, తెలుగు, హిందీ మూడూ పాడాలి. ఈ మధ్య స్టేజి మీద చరణం మర్చిపోయి ఆగిపోయాను. అప్పటినుంచి మైకు పట్టుకుంటేనే టెన్షన్. ఎల్లా కూడా పాట మధ్యలో మాటలు మర్చిపోయిందని మీరు పోయిన నెల రాసిన బెర్లిన్ రికార్డు సంగతి ఇంకొంచెం చెప్పండి. (గాయని, రాయగడ)

జవాబు: చెల్లీ, ఇది నీకోసమే వివరంగా రాస్తాను.

1960 ఫిబ్రవరి 13న బెర్లిన్‌లో పెద్ద హాలు, వేలమంది జనం. వెనక పియానో, గిటార్, బేస్, డ్రమ్స్, నలుగురే. 'మాక్ ద నైఫ్' పాడబోతూ ముందే చెప్పేస్తుంది, ఆడవాళ్ళెవరూ ఈ పాట పాడగా మేం వినలేదు, మాటలన్నీ గుర్తుంటాయనే ఆశిద్దాం అని. ఇందులో కష్టం ఏంటంటే, ఆ పాట పుట్టిందే బెర్లిన్‌లో, 1928లో ఆడిన 'త్రీపెన్నీ ఒపేరా'లోది. అంటే ఆ ఊరి పాటని ఆ ఊరివాళ్ళ ముందే పాడుతోంది. దాన్ని ఇంగ్లీషులో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, బాబీ డారిన్ అప్పటికే హిట్ చేసి ఉన్నారు, కాబట్టి తప్పు పోతే వెంటనే తెలిసిపోతుంది.

మొదటి చరణాలు బాగానే వెళ్తాయి. తర్వాత మాటలు పోతాయి, పూర్తిగా పోతాయి. అప్పుడు ఆవిడ చేసిన పని చూడు, తాళం వదల్లేదు. ఇప్పుడు తర్వాతి చరణం ఏమిటబ్బా అనే ప్రశ్ననే ఆ బాణీలో, ఆ లయలో పాడేసింది. మాకు తెలియదు, కానీ ఇది హిట్ పాట కాబట్టి పాడుతున్నాం అని ఇంకో లైను. బాబీ డారిన్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ పాట పాడారని ఇంకో లైను, మేం దీన్ని పాడుచేస్తున్నామని మరొకటి, ఉన్నట్టుండి ఆర్మ్‌స్ట్రాంగ్ బొంగురు గొంతుతో అర్థంలేని అక్షరాలు. ఇదంతా జరుగుతుండగా శ్రుతి మెట్టు మెట్టూ పైకి ఎక్కుతోంది, ఆవిడ ప్రతిసారీ సరిగ్గా అక్కడే దిగుతోంది. జనం నవ్వుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు. ఆ రికార్డుకే మరుసటి ఏడాది ఆవిడకి గ్రామీ అవార్డులు వచ్చాయి.

దీన్ని చాలామంది సమయస్ఫూర్తి అంటారు, నిజమే కానీ అది సగమే. ఆవిడకి బాణీ, తాళం, శ్రుతి ఎక్కడ ఉన్నాయో ఒంటికి తెలుసు, అందుకే మాట పోయినా పాట పోలేదు. నువ్వు ఆగిపోయావంటే నీకు పాట మాటల వెంట మాత్రమే గుర్తుందన్నమాట. రోజూ ఇంట్లో ఒక పాట తీసుకుని మాటలు లేకుండా, ల ల ల అంటూనో హమ్ చేస్తూనో మొదటినుంచి చివరిదాకా పాడు, మధ్యలో వచ్చే వాయిద్యం బిట్లతో సహా. కీబోర్డ్ వాయించే అతనితోనూ ముందే ఒక మాట అనుకో, నువ్వు మర్చిపోతే అతను ఆగకూడదు, నీవైపు చూడకూడదు కూడా. బెర్లిన్‌లో ఆ నలుగురూ ఒక్క క్షణం తడబడి ఉంటే ఎల్లా అయినా ఏం చెయ్యగలిగేది? ఫోన్‌లో లిరిక్స్ పెట్టుకోవడం తప్పు కాదు, అందరూ పెట్టుకుంటున్నారు, కానీ జనాన్ని వదిలేసి దాన్నే చూస్తూ పాడితే పాట చప్పబడిపోతుంది.

ప్రశ్న: అమ్మా, నాకు ఇంగ్లీషు రాదు. మా అబ్బాయి ఫోన్‌లో ఎల్లా పాట పెడితే బాగుందనిపించింది. అర్థం తెలియకుండా వింటే విన్నట్టేనా? (గృహిణి, గునుపురం)

జవాబు: విన్నట్టే. మన వైపు ఇళ్ళలో ఇది కొత్తా చెప్పండి? రథయాత్ర రోజుల్లో ఒడియా భజనలు మొదలైతే, ఒడియా అక్షరం రాని తెలుగు పెద్దవాళ్ళు కూడా గొంతు కలుపుతారు. మీరు ఎల్లాని ముందు గొంతు కోసమే వినండి. పై స్థాయిలో అమ్మాయి గొంతులా తేలిగ్గా ఉంటుంది, కిందికి దిగితే చిక్కబడుతుంది, మూడు స్థాయిల దాకా వెళ్ళేదని చెబుతారు, ఎక్కడా అతుకు కనపడదు. రెండో మాట, ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళు చాలామంది ఆవిడ పాటలతో మొదలుపెట్టచ్చు, ఎందుకంటే ప్రతి అక్షరం విడివిడిగా వినపడుతుంది. మీ అబ్బాయిని ఒక్కో పాటకీ నాలుగు ముక్కల్లో అర్థం చెప్పమనండి, అది చాలు.

ప్రశ్న: నేను విజయనగరంలో సంగీతం చదివి, పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఎల్లా మాటలు లేకుండా అప్పటికప్పుడు అల్లి పాడే 'స్కాట్' అనేది విన్నాను. మన కల్పనస్వరం లాంటిదే అని మా మనవడి వాదన. మీరేమంటారు? (సంగీతం మాస్టారు, పర్లాకిమిడి)

జవాబు: మాస్టారూ, మీకు చెప్పేంతదాన్ని కాను, అయినా అడిగారు కాబట్టి నాకు తోచింది రాస్తాను. మీ మనవడి మాటలో నిజం ఉంది. ముందే ఉన్న చట్రంలో అప్పటికప్పుడు అల్లడం, తాళం తప్పకుండా సరైన చోటికి తిరిగి రావడం, పక్కవాద్యంతో సంభాషణ, ఈ మూడూ రెండింటిలోనూ ఉన్నాయి. తేడా కింద నేలలో ఉంది. మనకి తంబురా ఒకే షడ్జం మీద నిలబడి ఉంటుంది, రాగం మారదు. అక్కడ పాట 32 బార్ల చుట్టు, బార్ అంటే తాళంలో ఒక చిన్న ఆవర్తం అనుకోండి, ఆ చుట్టులో కార్డులు మారుతూనే ఉంటాయి, ఇప్పుడు ఒప్పిన స్వరం రెండు బార్ల తర్వాత అపస్వరం అవుతుంది. 'హౌ హై ద మూన్' ఆవిడ పేరు చెప్పగానే గుర్తొచ్చే స్కాట్ పాట, అందులో ఆధార స్వరమే చుట్టు మధ్యలో రెండుసార్లు కిందికి జరిగిపోతుంది. ఆవిడ ఆ వేగంలో కూడా ప్రతి మలుపునీ ముందే చూసి తిరుగుతుంది. పియానో లేకుండా ఆవిడ గొంతు ఒక్కటే విన్నా కింద ఏ కార్డ్ ఉందో చెప్పచ్చు.

రెండో తేడా, సరిగమలు ఉండవు. బ, డ, ద, వ, షు ఇలాంటి అర్థంలేని అక్షరాలు, వాటి ఎంపికలోనే ఆవిడ పనితనం అంతా ఉంది. 1940లలో డిజ్జీ గిలెస్పీ అనే ట్రంపెట్ వాద్యగాడి బ్యాండ్‌తో తిరిగినప్పుడు బీబాప్ అనే కొత్త జాజ్ పద్ధతి ఆవిడ చెవిన పడింది, బ్యాండ్‌లో ట్రంపెట్లు, సాక్సాఫోన్లు చేసేదాన్ని గొంతుతో చెయ్యడానికి ప్రయత్నించానని ఆవిడే చెప్పుకుంది. ట్రంపెట్‌లా స్వరం టక్కున మొదలవ్వాలంటే బ, డ లాంటి గట్టి హల్లు, బేస్‌లా మోగాలంటే ఊ లాంటి అచ్చు. 1945 నాటి 'ఫ్లయింగ్ హోమ్', 1947 నాటి 'ఓ లేడీ బీ గుడ్' వినండి, పిల్లలకి పాఠం చెప్పినవారు కాబట్టి ఆ అక్షరాలు ఎందుకు అలా పడ్డాయో మీకు మాకన్నా బాగా తెలుస్తుంది. బెర్లిన్ రికార్డులోనే 'హౌ హై ద మూన్' పెద్దది ఒకటుంది, అందులో ఇతర పాటల ముక్కలు గుర్తుపట్టేలోపే వచ్చి వెళ్ళిపోతాయి, చివర్లో ఓ పాటలో పొగ కళ్ళల్లో పడింది అని ఉండేదాన్ని చెమట కళ్ళల్లో పడింది అని మార్చి పాడుతుంది. అంతసేపు పాడాక నిజంగానే పట్టి ఉంటుంది.

ప్రశ్న: అక్కా, మా అమ్మాయికి పదిహేడేళ్ళు, చాలా బాగా పాడుతుంది. ఒక పాటల పోటీలో గొంతు బాగుంది గానీ స్టేజికి తగ్గ 'పర్సనాలిటీ' లేదని పక్కన పెట్టారు. అప్పటినుంచి పాడటం మానేసింది. ఎల్లాకి ఇలాంటివి ఎదురయ్యాయా? (తల్లి, జయపురం)

జవాబు: ఎదురయ్యాయమ్మా, సరిగ్గా ఆ వయసులోనే. 1934 నవంబర్ 21, న్యూయార్క్ హార్లెమ్‌లో అపోలో థియేటర్, కొత్తవాళ్ళ పోటీ రాత్రి. ఎల్లాకి పదిహేడేళ్ళు. వెళ్ళింది డాన్స్ చెయ్యడానికి. తనకన్నా ముందు ఎడ్వర్డ్స్ సిస్టర్స్ అనే జంట అదరగొట్టేసరికి వాళ్ళ తర్వాత నేనేం ఆడతాను అనుకుని అక్కడికక్కడ పాటకి మారింది. తల్లి ఇంట్లో పెట్టే, కాన్నీ బాస్వెల్ అనే గాయని రికార్డులు విని నేర్చుకున్న పాటలు, ఆ పద్ధతిలోనే పాడింది. మొదటి బహుమతి 25 డాలర్లు ఇచ్చారు. దాంతోపాటు ఓ వారం ఆ థియేటర్‌లో పాడే అవకాశం కూడా ఇవ్వాలి, అది మాత్రం ఇవ్వలేదు, చిరిగిన బట్టలు, దువ్వని జుట్టు చూసే ఇవ్వలేదని అంటారు.

తర్వాత చిక్ వెబ్ అనే డ్రమ్మర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన కూడా ఆవిడ వాలకం చూసి మొదట ఇష్టపడలేదు. యేల్ యూనివర్సిటీలో ఒక డాన్స్ కార్యక్రమానికి పరీక్షగా తీసుకెళ్ళాడు, అక్కడి కుర్రాళ్ళకి నచ్చింది, ఉద్యోగం ఇచ్చాడు. మూడేళ్ళు తిరిగేసరికి, 1938లో, చిన్నపిల్లల ఆటపాట ఒకటి తీసుకుని ఆవిడా ఒక సంగీతకారుడూ కలిసి కట్టిన 'ఎ టిస్కెట్ ఎ టాస్కెట్' దేశమంతా మోగిపోయింది, ఆ బ్యాండ్‌కి కూడా అదే అన్నిటికన్నా పెద్ద హిట్. 1939లో వెబ్ చనిపోతే ఆ మగవాళ్ళ బ్యాండ్‌ని ఇరవై రెండేళ్ళ ఎల్లా పేరు మీద నడిపారు.

మీ అమ్మాయికి ఈ కథ చెప్పండి, కానీ కథ చెప్పి ఊరుకోకండి. ఆ 'పర్సనాలిటీ' అన్న మాట చాలా అన్యాయం, ఆ మాట అన్నవాళ్ళు పాట గురించి ఒక్క ముక్క చెప్పలేదన్నమాట. ముందు పోటీల ఊసెత్తకండి. చర్చి క్వైర్ కానీ, భజన బృందం కానీ, పక్కన నలుగురు పాడేవాళ్ళుండే చోటికి పంపండి. ఎల్లాకి గొంతు ముందే ఉంది, పాటని నడపడం మాత్రం రోజూ ఒక బ్యాండ్ మధ్య నిలబడే వచ్చింది.

ప్రశ్న: నాకు 68 ఏళ్ళు. ముసలితనంలో ఎల్లా గొంతు పోయిందని ఎక్కడో చదివాను. ఆ కాలం పాటలు వినదగ్గవేనా? ఎక్కడ మొదలుపెట్టాలి? (రిటైర్డ్ ఉద్యోగి, ఛత్రపురం)

జవాబు: గొంతు మారింది, అది నిజం. మధుమేహం ఆవిడని చాలా ఏళ్ళు బాధించింది, చూపు దెబ్బతింది, 1986లో గుండె ఆపరేషన్ అయింది, 1993లో రెండు కాళ్ళూ మోకాళ్ళ కింద తీసేశారు. 1970ల నుంచే స్వరంలో కాస్త గరుకు, పొడవైన స్వరం చివర సన్నని వణుకు వినపడతాయి. అయినా 1991 దాకా పాడింది, ఆఖరి పెద్ద కచేరీ న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో.

మీకు నేను చెప్పేది 1973లో గిటారిస్ట్ జో పాస్‌తో చేసిన 'టేక్ లవ్ ఈజీ'. ఒక గిటార్, ఒక గొంతు, ఇంకేమీ లేవు. కుర్రతనంలో లేని ఒక పని అందులో చేస్తుంది, స్వరాన్ని చివరిదాకా పట్టుకోకుండా మధ్యలో వదిలేసి మిగతాది గిటార్‌కి ఇచ్చేస్తుంది. అది విన్నాక వెనక్కి వెళ్ళి 1950లో ఎల్లిస్ లార్కిన్స్ పియానోతో పాడిన గెర్ష్విన్ పాటలు వినండి, అదీ ఒకే వాయిద్యం, కాకపోతే ముప్ఫై మూడేళ్ళ గొంతు. రెండింటిలోనూ పాటలు నెమ్మదివే కాబట్టి పోల్చుకోవడం తేలిక. ఏది ఎక్కువ నచ్చిందో రాయండి. నాకు జో పాస్‌దే ఇష్టం, మా ఇంట్లో మిగతావాళ్ళంతా లార్కిన్స్ వైపు.